కొండ ఊళ్లో హోమ్‌స్టే మొదలుపెట్టే ముందు: కొరాపుట్ వైపు పనిచేయాలనుకునే వాలంటీర్లకు సమగ్ర మార్గదర్శి

అరకు నిండిపోయింది. వంజంగిలో మేఘాలు చూడ్డానికి తెల్లవారుజామున కార్లు బారులు తీరుతున్నాయి. ఇప్పుడు ఆ జనంలో కొంత సాలూరు ఘాటీ ఎక్కి, ఒడిశా కొరాపుట్ జిల్లాలోని సుంకి, పొట్టంగి మీదుగా దేవమాలి వైపు వస్తోంది. 1,672 మీటర్ల ఎత్తున్న దేవమాలి ఒడిశాలోకెల్లా ఎత్తైన శిఖరం. దాని చుట్టూ ఉన్న పరజా, గదబ, కంధ పల్లెల్లో ఏదైనా చేద్దామని సునాబెడ, జయపురం, విజయనగరం, విశాఖ కుర్రాళ్లు అడుగుతూనే ఉంటారు. పిల్లలకు ఇంగ్లిష్ నేర్పుతామంటారు, ఇన్‌స్టాగ్రామ్ పేజీ పెడతామంటారు, టెంట్లు తెస్తామంటారు. మనసు మంచిదే. పని వరసే తిరగబడుతుంది.

హోమ్‌స్టే అంటే ఊళ్లోవాళ్ల ఇళ్లలోనే డబ్బిచ్చే అతిథులకు బస, తిండి. నా లెక్కలో వరస ఇది: ఊరు ఒక అతిథిని మొహమాటం లేకుండా "ఇప్పుడు కుదరదు" అని వెనక్కి పంపగలిగాకే మొదటి అతిథిని పిలవాలి. అడిగిన వంట వండలేనని వంట మనిషి చెప్పగలగాలి, ఉరుముతుంటే కొండెక్కనివ్వనని గైడు చెప్పగలగాలి, బేరం కుదరదని లెక్కలు రాసే అమ్మాయి చెప్పగలగాలి. ఈ కింద చెప్పే శిక్షణంతా దానికోసమే.

1. ఏ ఊరు?

అందమైన ఊరు వెతక్కండి, ఈ వైపు అన్నీ అందంగానే ఉంటాయి. ఏప్రిల్లో నీళ్లుండే ఊరు వెతకండి. శీతాకాలంలో గలగలా పారే ఊట ఎండాకాలానికి చెంబుడు నీళ్లకు పది నిమిషాలు పట్టేలా అవుతుంది. అలాంటి చోట నలుగురు అతిథులు స్నానం చేస్తే ఆ ఇంటి ఆడవాళ్లు ఇంకో రెండు బిందెలు మోయాలి. కాబట్టి ఊరిని ఒకసారి ఎండల్లో, ఒకసారి ఆగస్టు వానల్లో చూడాలి. వానల్లో జీపు ఎక్కడిదాకా వస్తుందో, 108 అంబులెన్సు ఎక్కడ ఆగిపోతుందో అప్పుడే తెలుస్తుంది.

విశాఖ నుంచి కొరాపుట్ రోడ్డు మీద సుమారు 200 కిలోమీటర్లు. కిరండూల్ రైలు అరకు దాటి కొరాపుట్, జయపురం వెళ్తుంది. రైల్లో వచ్చేవాళ్లకు ఒక మాట: అరకు దగ్గరి శిమిలిగుడ స్టేషను వేరు, కొరాపుట్ జిల్లాలోని సెమిలిగుడ పట్టణం వేరు. వాలంటీర్లే తప్పు చోట దిగేస్తుంటారు, అతిథుల సంగతి చెప్పక్కర్లేదు.

కొన్ని ఊళ్ల జోలికి అసలు వెళ్లకూడదు. ఒడిశాలో 62 గిరిజన తెగలుంటే వాటిలో 13 తెగలను ప్రభుత్వం అత్యంత బలహీన గిరిజన సమూహాలుగా గుర్తించింది. మల్కన్‌గిరిలో బోండాలు, దిదాయిలు, రాయగడ నియమగిరిలో డోంగ్రియా కంధులు అందులోవాళ్లు. సంతకు వచ్చిన బోండా ఆడవాళ్ల మొహం మీద కెమెరాలు పెట్టి ఫొటోలు తీసిన టూర్ల వల్ల ఈ ప్రాంతం పేరు ఇప్పటికే చెడింది. ఆ పల్లెల్లో హోమ్‌స్టే ఆలోచన పెట్టుకోవద్దు.

2. పల్లిసభ ముందు కూర్చోవడం

కొరాపుట్ జిల్లా మొత్తం రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింద, అంటే గిరిజన రక్షణలున్న ప్రాంతంగా ఉంది. 1996 నాటి పెసా (షెడ్యూల్డు ప్రాంతాల పంచాయతీల) చట్టం, 2006 నాటి అటవీ హక్కుల చట్టం రెండూ ఊరి సభకు బలమిచ్చాయి. ఒడిశాలో పంచాయతీ స్థాయి సభను గ్రామసభ అంటారు, ఒక్కో ఊరి సభను పల్లిసభ అంటారు. మనకు కావలసింది పల్లిసభ తీర్మానం. సర్పంచు సరేనన్నాడని పని మొదలుపెట్టేస్తే రేపు ఊళ్లో రెండు పార్టీలవుతాయి. సుప్రీంకోర్టు తీర్పు తర్వాత 2013లో నియమగిరి చుట్టూ 12 పల్లిసభలు కూర్చుని బాక్సైట్ తవ్వకం వద్దన్నాయి, అది ఆగింది. ఈ కొండల్లో జనానికి ఆ సంగతి బాగా గుర్తు. బయటివాళ్లు కాగితాలు పట్టుకొచ్చి సంతకాలు అడిగితే అనుమానంగా చూస్తారంటే కారణం ఉంది.

సభకు ముందు నాయక్‌ను, దిసారిని విడివిడిగా కలవండి. నాయక్ ఊరి పెద్ద. పండగలకు, విత్తనాలకు మంచిరోజు చెప్పేవాడు దిసారి. ఆయన మాట లేకుండా ఊళ్లో ఏ పనీ కదలదు. ఆడవాళ్లతో విడిగా, వాళ్లు పొలం నుంచి వచ్చి వంట అయ్యాక మాట్లాడండి. మగవాళ్ల ముందు ఊ కొట్టినవాళ్లే అక్కడ అసలు ప్రశ్న అడుగుతారు: "అంట్లు ఎవరు తోముతారు?" దానికి మీ దగ్గర జవాబు లేకపోతే సభ వాయిదా వేసుకోవడం మేలు.

తీర్మానంలో రాయించాల్సినవి: నెలకు ఎన్ని రాత్రులు, రాత్రికి ఎంతమంది, ఊళ్లో అతిథులు వెళ్లకూడని చోట్లు ఏవి, ఎవరిని అడిగి ఫొటో తీయాలి, తాగి గొడవ చేస్తే ఏం చేయాలి. ఊరి దేవత తోపు చుట్టూ గీత ఎక్కడో వాళ్లే చెప్పాలి, మనం ఊహించి రాయకూడదు.

భూమి సంగతి ఇక్కడే తేల్చేయాలి. మన ఆంధ్రాలో 1/70 చట్టం ఉన్నట్టే ఒడిశా షెడ్యూల్డు ప్రాంతాల్లో 1956 నాటి రెగ్యులేషను గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా అడ్డుకుంటుంది. "ఒక ఎకరం లీజుకు తీసుకుని కాటేజీ వేద్దాం, ఊళ్లోవాళ్లకు ఉద్యోగాలిద్దాం" అనే వాలంటీరును మర్యాదగా బస్సెక్కించండి.

3. పంట క్యాలెండరు మీద సీజను గీయడం

ఈ మెట్టును అందరూ దాటేస్తారు. కానీ అన్నిటికంటే ఎక్కువ కొంపలు ముంచేది ఇదే.

పర్యాటకులు ఎప్పుడొస్తారు? నవంబరు నుంచి జనవరి దాకా, వలిసె పూలు కొండవాలంతా పసుపు పరిచినప్పుడు. ఊళ్లోవాళ్లకు తీరిక లేనిది ఎప్పుడు? సరిగ్గా అప్పుడే. వరి కోతలు, చోళ్ల (రాగుల) కోతలు, నూర్పిళ్లు, తర్వాత వలిసెలు, ఆపైన పుష్య పరబ్ పండగ. అతిథి ఇచ్చే డబ్బు కోసం మనిషి చేను వదిలి ఇంట్లో కూర్చుంటే, కోతకు కూలి మనిషిని పెట్టుకోవాలి. ఆ కూలి తీసేస్తే చేతిలో మిగిలేది ఎంత?

ఒక పెద్ద చార్టు మీద పన్నెండు నెలలు గీయండి. చదువురాని వాళ్లకూ అర్థమయ్యేలా నేల మీదే గీసి, చోళ్ల గింజలు, చింతగింజలు, చీపురు పుల్లలు పెట్టించినా చాలు. ఏ నెలలో ఇంట్లో ఎన్ని చేతులు ఖాళీగా ఉంటాయో వాళ్లే పెడతారు. చోళ్లు నాటే నెలలు, కోత నెలలు, చింతపండు, కొండచీపుర్లు తెచ్చే నెలలు, చైత్ర పరబ్‌లో మగవాళ్లు వేటకు పోయే రోజులు అన్నీ బయటపడతాయి. దాని మీద అతిథుల రోజులు పెట్టండి. చాలా ఊళ్లకు కోతల కాలంలో శని, ఆదివారాలు, అదీ వంతులవారీగా రెండిళ్లు మాత్రమే సరిపోతుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఎక్కువ రోజులు పెట్టుకోవచ్చు. పూలుండవు, చలి తగ్గుతుంది, అయినా అతిథితో కూర్చుని మాట్లాడే తీరిక ఇంటివాళ్లకు ఉంటుంది. నన్నడిగితే ఆ నెలలే మేలు.

4. వాలంటీర్లు ఎవరు, ఎన్నాళ్లు

మూడు రోజులు ఉండి పోయేవాడు పని నేర్పలేడు, సెల్ఫీలు దిగి పోతాడు. కనీసం ఒక మనిషి ఒక పంటకాలం ఊళ్లోనో పక్క ఊళ్లోనో ఉండాలి. నర్సు, వంట మాస్టరు, అకౌంటెంటు లాంటి పనివాళ్లు వారాంతాల్లో వచ్చి వాళ్ల ముక్క నేర్పి పోవచ్చు. సునాబెడ, దమన్‌జోడి ఫ్యాక్టరీ కాలనీల్లో రిటైరైన వాళ్లు దీనికి బాగా పనికొస్తారు. చేతి పని తెలుసు, తీరిక ఉంది, ఈ వైపు వాళ్లకు కొత్త కాదు.

ఈ కొండల్లో మాట్లాడే దేశియా ఒడియా నాలుగు మాటలైనా రావాలి. సంతల వల్ల సుంకి వైపు తెలుగు కొంత నడుస్తుంది, లోపలికి వెళ్లేకొద్దీ తగ్గిపోతుంది. ఊళ్లో చెన్నై, కేరళ వైపు కూలికి వెళ్లొచ్చిన కుర్రాళ్లు ఉంటారు, వాళ్లను వెతికి పట్టుకోండి. నాలుగు భాషలు ముక్కలు ముక్కలుగా వచ్చిన ఆ కుర్రాడే మీకు దుబాసీ, రేపటి గైడు కూడా.

పిల్లలతో ఏ వాలంటీరూ ఒంటరిగా ఉండకూడదు. చాక్లెట్లు పంచకూడదు, పంచితే రెండో నెలకే ప్రతి కారు వెనకా పిల్లలు పరిగెడతారు.

5. వంటింటి శిక్షణ

మొదట చేయాల్సింది మెనూ తగ్గించడం. అతిథులొస్తారంటే ఇంటివాళ్లు సెమిలిగుడ నుంచి మైదా, మ్యాగీ, కోల్డ్ డ్రింకులు కొనుక్కొస్తారు. బయటివాళ్లకు ఇంటి తిండి నచ్చదని వాళ్ల భయం. అంబలి, సామల అన్నం, కందిపప్పు, వెదురు కొమ్ముల కూర, ఆకుకూర, చింతపండు పచ్చడి, నాటుకోడి: దీన్ని దాటొద్దు. కొరాపుట్ కాలాజీరా బియ్యానికి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, పండించే ఇల్లు ఉంటే ఒక పూట అది పెట్టండి, ధర అందులో కలపండి. కొరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2012లో ప్రపంచ వారసత్వ వ్యవసాయ వ్యవస్థగా గుర్తించింది. ఆ గుర్తింపు ఈ గింజలకే వచ్చింది, మ్యాగీకి కాదు.

వండడం మనం నేర్పక్కర్లేదు. నేర్పాల్సింది చేతులు, నీళ్లు, కొలత. వంటకు ముందు, మరుగుదొడ్డికి వెళ్లొచ్చాక, కోడిని కోశాక సబ్బు. తాగే నీళ్లు బుడగలు తెర్లుతూ ఒక నిమిషం మరగాలి, ఆ గిన్నెలో ముంచే గరిటె వేరే దేనికీ వాడకూడదు. పచ్చి మాంసం కోసిన కత్తి కడగకుండా ఉల్లిపాయ తరగకూడదు. ఇవి బోర్డు మీద రాస్తే ఎవరూ చూడరు. ఒకరి వంటింట్లో అందరూ కూర్చుని, అరచేతికి తడి పసుపు రాసుకుని వంట మొదలుపెట్టమనండి. పావుగంటలో మూత మీద, ఉప్పు డబ్బా మీద, నీళ్ల చెంబు అంచున, పసిపిల్ల బుగ్గ మీద పసుపు కనపడుతుంది. నవ్వులు అయ్యాక ఇక ఉపన్యాసం అక్కర్లేదు.

ఎంతమందికి వండగలదో ఆ ఇల్లాలే చెప్పాలి. నలుగురని చెప్పిందంటే ఐదో మనిషి పక్కింట్లో తింటాడు. జీలుగు కల్లు, సారా అతిథులకు అమ్మొద్దు. పండగనాడు ఇంటివాళ్లు మర్యాదకు పోస్తే అది వాళ్లిష్టం, ధరల పట్టికలో మాత్రం ఉండకూడదు.

6. గైడుల శిక్షణ

కొండ కుర్రాళ్లకు కొండ నేర్పడం ఏమిటని అడుగుతారు. నిజమే, దారి వాళ్లకు తెలుసు. వాళ్లకు తెలియనిది ఆఫీసు కుర్చీలో పదేళ్లు కూర్చున్న మనిషి మోకాలు ఎలా ఉంటుందన్నది. గైడు మామూలుగా నడిస్తే గుంపు చెల్లాచెదురవుతుంది. అందుకే ఎప్పుడూ ఇద్దరు వెళ్లాలి, ఒకరు ముందు, ఒకరు అందరికంటే వెనక. వెనకవాడిదే పెత్తనం, అతను ఈల వేస్తే ముందువాడు ఆగాలి. వాలంటీర్లలో లావుపాటి మనిషిని, బీపీ ఉన్న పెద్దాయన్ను పెట్టుకుని ఈ సాధన చేయించండి. ఇరవై ఏళ్ల ట్రెక్కర్లతో చేయిస్తే ఉపయోగం లేదు.

చెట్టు పేరు, పిట్ట పేరు వాళ్ల భాషలో ఏమంటారో అదే చెప్పమనండి. పుస్తకం పేరు తర్వాత నెమ్మదిగా వస్తుంది. అడ్డాకు విస్తరి ఎలా కుడతారు, ఇప్పపువ్వు ఎప్పుడు రాలుతుంది, పోడులో ఒకే మడిలో ఎన్ని రకాలు కలిపి చల్లుతారు, ఇవి చాలు. అతిథి కోసం కథలు అల్లొద్దు. చిలికా పక్కన మంగళాజోడిలో ఒకప్పుడు పక్షులను వేటాడినవాళ్లే ఇప్పుడు పడవ నడుపుతూ పక్షులు చూపించే గైడులు. వాళ్ల బలం వేటగాడిగా సంపాదించిన చూపే, దాన్ని ఏ ట్రైనింగూ ఇవ్వలేదు. కుదిరితే మీ కుర్రాళ్లను ఒకసారి అక్కడికి తీసుకెళ్లండి. పది క్లాసుల కంటే అదొక్కటి మేలు.

ఇక పిడుగు. దేవమాలి పైభాగం చాలావరకు గడ్డి కొండ, తలదాచుకునే చెట్టూ ఇల్లూ ఉండవు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా మధ్యాహ్నం దాటాక మబ్బు కమ్ముతుంది. మెరుపు కనపడ్డాక లెక్కపెట్టడం నేర్పండి: మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్ల కంటే తక్కువుంటే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉంది, ఉన్నపళంగా దిగాలి. ఒంటరి చెట్టు కిందికి పోకూడదు. కొండ మీద సిగ్నల్ ఉన్నా లేకపోయినా కిందనుంచి బయల్దేరే ముందు పిడుగు హెచ్చరికలిచ్చే 'దామిని' యాప్ చూసుకోవాలి. "డబ్బులిచ్చాం, పైకి తీసుకెళ్లు" అనే అతిథి దొరుకుతాడు. ఆ మాటకు గైడు ఏం జవాబివ్వాలో నాటకంలాగా ఆడించండి. ఒక వాలంటీరు అతిథి వేషం వేసి నిజంగా గొడవపడాలి, గొంతు పెంచాలి, ఫోను తీసి "రివ్యూ పెడతా" అని బెదిరించాలి. మొదటిసారి కుర్రాళ్లు తల దించుకుంటారు, నాలుగైదు సార్లయ్యాక కళ్లలోకి చూసి "దిగుదాం సార్" అంటారు. గైడు శిక్షణలో సగం సమయం దీనికే ఇవ్వండి.

ప్రథమ చికిత్స నర్సు చేత నేర్పించండి. పాము కాటుకు కోయడం, కట్టు బిగించడం, నోటితో పీల్చడం వద్దు. కదలకుండా ఉంచి ఆసుపత్రికి మోయాలి. కొరాపుట్‌లో 2017 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. ఇది మలేరియా ప్రాంతం, కాబట్టి ప్రతి మంచానికీ దోమతెర ఉండాలి. ఇంటికి వెళ్లాక జ్వరం వస్తే కొరాపుట్ వెళ్లొచ్చామని డాక్టరుకు చెప్పమని వీడ్కోలప్పుడే అతిథికి గైడు చెప్పాలి.

7. గది, మరుగుదొడ్డి

కొత్త కట్టడం వద్దు. ఎర్రమట్టి పూసిన గోడ, పెంకుల కప్పు ఉన్న ఇంట్లో ఒక గది ఖాళీ చేయగలిగితే చాలు. డిసెంబరు రాత్రి పొట్టంగి వైపు ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు పడిపోతుంది, మనిషికి రెండు రగ్గులు కావాలి. డబ్బు పెట్టాల్సింది మరుగుదొడ్డి మీద. రెండు గుంటల పద్ధతి కట్టండి: ఒకటి నిండితే రెండోదానికి మళ్లించి, మొదటిదాన్ని ఏడాదికి పైగా వదిలేస్తే ఎరువవుతుంది. నీటి ఊటకు కనీసం పది మీటర్లు దూరంగా, దిగువన ఉండాలి. అది అతిథికి మాత్రమే అని తాళం వేయకండి, ఇంటివాళ్లూ వాడేదే శుభ్రంగా ఉంటుంది.

చెత్త: ప్లాస్టిక్ తెచ్చినవాళ్లు తిరిగి పట్టుకెళ్లాలి. వచ్చేటప్పుడు డిపాజిట్ తీసుకుని, వెళ్లేటప్పుడు ఖాళీ సీసాలు, చిప్స్ కవర్లు చూపిస్తే తిరిగివ్వండి.

8. డబ్బు

ఇక్కడ తేడా వస్తే ఊరు చీలుతుంది. డబ్బు వాలంటీరు ఖాతాలోకి ఒక్క రూపాయి కూడా రాకూడదు. మహిళా సంఘం ఖాతా ఉంటే దానికే క్యూఆర్ కోడ్ పెట్టించండి.

ఒక ఉదాహరణ లెక్క. తిండితో కలిపి మనిషికి రాత్రికి 1,200 అనుకుందాం, నలుగురు వచ్చారు, 4,800. అందులో 60 శాతం, అంటే 2,880 ఇంటికి. 20 శాతం, 960 గైడులిద్దరికీ. 15 శాతం, 720 ఊరి నిధికి. మిగిలిన 240 ఫోనుకు, సబ్బుకు, విరిగిన వాటికి. ఈ శాతాలు నా సూచన మాత్రమే, మీ పల్లిసభ మార్చుకోవచ్చు. కానీ ఒక్కటి చూడండి: గైడుకు వచ్చేది ఆ రోజు కూలి కంటే తక్కువ కాకూడదు, ఇంటికి వచ్చినదాంట్లోంచి సరుకుల ఖర్చు తీసేశాక అంట్లు తోమినవాళ్ల కష్టం మిగలాలి. లేదంటే ధర పెంచాలి.

ప్రతి అతిథి లెక్కా గోడ మీద సుద్దతో రాయాలి, ఆ నెలాఖరుకు సభలో చదవాలి. ఈ పనికి పదో తరగతి దాకా చదివిన ఒక అమ్మాయిని పెట్టండి. ఆమెకు తోడు ఇంకొకరిని కూడా నేర్పండి, పెళ్లయి వెళ్లిపోతే లెక్కలు ఆగకూడదు. ఊరి నిధి దేనికి ఖర్చు పెట్టాలో అతిథులు రాని ఇళ్లవాళ్లే ముందు చెప్పాలి. మిగతా ఊరికి దీనివల్ల ఏం వచ్చిందన్న ప్రశ్న ఏడాదిలోపే లేస్తుంది.

9. కాగితాలు

ఎక్కువేమీ లేవు. కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టే పద్ధతిలో ఒకటి నుంచి ఆరు గదుల దాకా ఉండొచ్చు, యజమాని అదే ఇంట్లో ఉండాలి. రాష్ట్ర నియమాలు కొరాపుట్ జిల్లా పర్యాటక కార్యాలయంలో అడగండి. తిండి పెడుతున్నారు కాబట్టి ఆహార భద్రతా సంస్థలో చిన్న వ్యాపారుల రిజిస్ట్రేషన్ చేయించండి. అతిథుల పేర్ల పుస్తకం ఉంచి పోలీసు స్టేషనుకు తెలపండి. విదేశీయుడు బస చేస్తే ఆన్‌లైన్‌లో 24 గంటల్లో తెలియజేయాలి. అడవిలోకి అతిథులను తీసుకెళ్తుంటే ముందే అటవీ శాఖను అడగాలి. బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో ఉచితంగా కోర్సులుంటాయి, కుట్టుపని, పుట్టగొడుగుల పెంపకం లాంటివి నేర్చుకునేవాళ్లను అక్కడికే పంపితే సర్టిఫికెట్టు కూడా వస్తుంది.

10. మొదటి అతిథులు

సోషల్ మీడియా ఇంకా ముట్టుకోకండి. మొదటి మూడు నాలుగు కుటుంబాలు జయపురం, సునాబెడలో మీకు తెలిసినవాళ్లే కావాలి, పూర్తి ధర ఇవ్వాలి. ఊరికే వచ్చి తిన్నవాళ్లు లోపాలు చెప్పరు. వాళ్లు వెళ్లాక మొదట ఇంటివాళ్లను అడగండి: నిద్ర పట్టిందా, ఎవరైనా అడక్కుండా లోపలి గదిలోకి వచ్చారా, పిల్లల ఫొటోలు తీశారా. అతిథి అభిప్రాయం తర్వాత.

కుదరని మనిషిని కాదనడం కూడా ఈ దశలోనే ఒకసారి జరగాలి. పన్నెండు మంది బ్యాచిలర్లు టెంట్లు, స్పీకర్లతో వస్తామని ఫోను చేస్తారు, తప్పకుండా చేస్తారు. ఆ ఫోను వాలంటీరు ఎత్తకూడదు, సంఘం ఎత్తాలి. ఫోను ఎత్తిన పిల్ల కంగారుపడి మీ వైపు చూస్తుంది. మీరు బయటికి వెళ్లి టీ తాగండి.

11. అప్పగింత

మీరు ఊరు వదిలి వెళ్లే తేదీ మొదటి రోజే చెప్పేయండి. ఒక సీజను పూర్తయ్యాక వరసగా నెల రోజులు మీ ఫోను ఆపేసి చూడండి. ఏది ఆగిపోయిందో అది ఇంకా నేర్పలేదన్నమాట, వచ్చే సీజనులో అదొక్కటే నేర్పడానికి రండి.

వెళ్లేముందు చేతికి ఇవ్వాల్సినవి: బుకింగ్ నంబరు సిమ్ కార్డు సంఘం అధ్యక్షురాలి పేరు మీదికి మార్చాలి. మ్యాప్‌లో ఊరి పేజీ, మెయిలు, క్యూఆర్ ఖాతా పాస్‌వర్డులు ఇద్దరి దగ్గర కాగితం మీద ఉండాలి, మీ ఫోనులోంచి లాగౌట్ అయిపోవాలి. తర్వాత విశాఖ నుంచి ఎవరైనా స్నేహితుడు "నీకు తెలిసిన ఊరే కదా, ఈ శనివారం రెండు గదులు ఇప్పించు" అని ఫోను చేస్తే ఆ సిమ్ నంబరు పంపండి. ఆ వారం కోతలని వాళ్లు కాదంటే ఆయన మళ్లీ మీకే చేస్తాడు. మీరు కలగజేసుకోవద్దు.